ఏజెంటు లేని నవల, మేం లేని ఇల్లు

ఏజెంటు అనగానే బందరులో ముగ్గురు మనుషులు గుర్తొస్తారు. తెల్లారుజామున బస్టాండులో పత్రికల కట్టలు దింపుకునేవాడు ఒకడు. పాలసీ కట్టమని ఇంటిచుట్టూ తిరిగే ఎల్లయిసీ ఆయన రెండోవాడు. మూడోవాడు మా పేటల్లోకొచ్చి కువైట్ పంపిస్తానని ఆడవాళ్ల పాస్‌పోర్టులు పట్టుకెళ్లేవాడు. రచయిత తరఫున పత్రికవాళ్లతో, ప్రచురణకర్తతో, సినిమావాళ్లతో బేరమాడి, నూటికి పది తను తీసుకుని మిగతాది రచయిత చేతిలో పెట్టే ఏజెంటు మాత్రం మాకెవరికీ గుర్తురాడు. తెలుగులో అలాంటి వృత్తి పాదుకోనే లేదు. లండన్‌లో ఎ.పి. వాట్ అనే ఆయన 1880ల నాటికే ఈ పని చేసి బతికాడు. మైసూరు ఆర్.కె. నారాయణ్‌కి గ్రాహం గ్రీన్ దొరికాడు గనక 1935లో ఆయన మొదటి నవల లండన్‌లో అచ్చయింది. తెలుగు రచయితకి దొరికేది సంపాదకుడు. ఆ తర్వాత ప్రచురణకర్త, ఆ తర్వాత సినిమా నిర్మాత. వీళ్ల ముగ్గురి మధ్య రచయిత ఒంటరిగా, చాలాసార్లు పోస్టుకార్డు మీద బతికాడు. రచయిత్రి అయితే ఇంట్లో మగవాళ్ల అనుమతి కూడా ఇందులో కలుపుకోవాలి.

ఈ బతుకు ఎలా ఉంటుందో చూడ్డానికి మేం దూరం పోనక్కర్లేదు. యద్దనపూడి సులోచనారాణి 1940లో కృష్ణా జిల్లా కాజలో పుట్టారు. మొవ్వ మండలం. కూచిపూడి కూడా ఆ మండలంలోదే. తానీషా నవాబు భాగవతుల ఆట చూసి మెచ్చి ఆ ఊరిని వాళ్లకి అగ్రహారంగా రాసిచ్చాడని చెప్పుకునే కూచిపూడి. అంటే తెలుగు కళకి ఒక తురక ఏలిక పట్టంకట్టాడని తెలుగువాళ్లే చెప్పుకునే నేల అది. అక్కడికి దగ్గర్లోనే ఎలకుర్రు. ఆంధ్రపత్రిక పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఊరు. కాజ అమ్మాయి మొదటి కథ 'చిత్రనళినీయం' 1956లో ఆ ఆంధ్రపత్రికలోనే వచ్చింది. అప్పటికామెకి పదహారేళ్లు.

తర్వాత అరవయ్యో దశకం నడుమ విజయవాడ నుంచి వచ్చే 'జ్యోతి' మాసపత్రికలో 'సెక్రటరీ' ధారావాహికగా వచ్చింది. ఆపైన ఏం జరిగిందో తెలుగు చదవగలిగిన ఏ ఇంటిలోని ఆడవాళ్లనడిగినా చెబుతారు. సినిమావాళ్లు క్యూ కట్టారు. 'విజేత' నవల 1972లో 'విచిత్ర బంధం' అయ్యింది. 1973లో 'మీనా', 'జీవన తరంగాలు', 1976లో 'సెక్రటరీ'. 2018 మేలో ఆమె అమెరికాలో చనిపోయేనాటికి తొలి కథ అచ్చయి అరవై రెండేళ్లు. ఇంత పొడుగు సాహిత్య జీవితం తెలుగు నవలలో చాలా తక్కువమందికి దక్కింది.

ఈ అరవై రెండేళ్లూ ఆమెకి ఏజెంటు లాంటి మనిషి ఎవరు? మా జవాబు: ధారావాహిక. సీరియల్ అనే పద్ధతే ఆమె ఏజెంటు. కమిషను గట్టిగానే తీసుకుంది.

పద్ధతి ఎలా నడిచేదో చెప్పుకుందాం. ఇప్పటి పిల్లలకి తెలియదు. పత్రిక ముందుగా ప్రకటన వేస్తుంది, ఫలానా సంచిక నుంచి ఫలానా రచయిత్రి నవల అని. ఒక్కోసారి ఆ ప్రకటన అచ్చయ్యేనాటికి నవల పేరు తప్ప ఏమీ ఉండదు. ఒక భాగం కంపోజింగుకి పోతుండగా తర్వాతి భాగం రాయాలి. భాగం చివర పాఠకురాలు వచ్చే సంచిక కోసం ఎదురుచూసే చోట ఆపాలి. ఉత్తరాలొస్తాయి. ఉత్తరాలు బాగా వస్తే కథ సాగుతుంది, పలచబడితే ముగించమని కబురొస్తుంది. సర్క్యులేషను లెక్క సంపాదకుడి బల్లమీద ఉంటుంది. నవల అయిపోయాక ప్రచురణకర్త వస్తాడు. ఎడిషనుకింతని రాయల్టీ ఇచ్చేవాళ్లున్నారు, ఒక్కసారే డబ్బిచ్చి హక్కులు మొత్తం రాయించుకునేవాళ్లున్నారు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం రాసివ్వకపోతే హక్కు రచయితదే. కానీ ఆ సంగతి తెలిసిన రచయితలు ఎందరు? అద్దె పుస్తకాల షాపులో రోజుకి అర్ధరూపాయి చొప్పున ఒకే ప్రతిని వందమంది చదివితే, ఆ యాభై రూపాయల్లో రాసినామెకి ఒక్క పైసా లేదు. అయినా ఆ షాపులే ఆమెని బతికించాయి, ఆమె ఆ షాపుల్ని బతికించింది.

ఇక ప్రచురణకర్త బందరువాడు. ఎమ్మెస్కో అనే మాట ఎక్కడ పుట్టిందో ఈ తరానికి తెలియదు. ఎం. శేషాచలం అండ్ కో. మచిలీపట్నం పుస్తకాల కంపెనీ. ఆ మూడు ముక్కల మొదళ్లూ కలిపితే ఎమ్మెస్కో. 1902 నుంచి కృష్ణాపత్రిక వెలువడిన ఊరు, ముట్నూరి కృష్ణారావుగారి దర్బారు నడిచిన ఊరు, ఆఖరికి సామాన్యుడి జేబులో నవల పెట్టింది. పాకెట్ బుక్స్ అలాగే వచ్చాయి. ఇంటింటా గ్రంథాలయం పథకం పెట్టి చందా కట్టిన ఇంటికి పోస్టులో పుస్తకాలు పంపారు. పాత ప్రబంధాల్ని 'సంప్రదాయ సాహితి' పేరుతో అందుబాటు ధరకి వేసిన చేతులే సులోచనారాణి నవలల్నీ వేశాయి. మనుచరిత్ర పక్కన ప్రేమ నవల. దీన్ని వెక్కిరించిన పండితులున్నారు గానీ మాకిందులో వెక్కిరించాల్సింది కనబడదు. ఆ తర్వాత ఎమ్మెస్కో చేతులు మారింది, బందరు విడిచి పెద్ద ఊళ్లకి పోయింది. బందరుకి మిగిలింది ఆ పేరులోని మొదటి అక్షరాలు.

మా ఇళ్లల్లోకి ఈ నవలలు ఎలా వచ్చాయో చెప్పాలి. ఇది ఏ సాహిత్య చరిత్రలోనూ రాయలేదు. మా అమ్మీల తరంలో చాలామందికి ఉర్దూ చదవడం వచ్చు, తెలుగు మాట్లాడ్డం వచ్చు, తెలుగు చదవడం రాదు. తెలుగు బడికి పోయిన చిన్న ఖాలానో, ఫుప్పూ కూతురో మధ్యాహ్నం పూట వారపత్రిక పట్టుకొచ్చి, మంచమ్మీద కూర్చుని, తెలుగులో కళ్లు పెట్టి ఉర్దూలో చెప్పేది. అప్పటికప్పుడు అనువాదం. జయంతి ఆత్మాభిమానం 'ఖుద్దారీ' అయ్యేది. రాజశేఖరం 'రాజా సాబ్' అయ్యేవాడు. బామ్మ 'దాదీ' అయ్యేది. పక్కింటి ఆడవాళ్లు బియ్యం చేటలు పట్టుకుని వచ్చి కూర్చునేవాళ్లు. ఢిల్లీ నుంచొచ్చే 'షమా' పాత సంచికలూ, తెలుగు వారపత్రికలూ ఆ ఇళ్లల్లో ఒకే గూట్లో ఉండేవి. అలా ఒక ప్రతి పది చెవులకి చేరేది. చందాదారుల లెక్కలో ఆ పదిమందీ లేరు. సంపాదకుడి బల్లమీదికి వెళ్లిన ఉత్తరాల్లో వాళ్ల ఉత్తరం లేదు. తెలుగులో రాయడం రాదు గదా!

ఇక్కడ ఆగి ఒక మాట. ఈ నవలల్ని మన ప్రగతివాద విమర్శ చాలాకాలం ఒక్క ముక్కతో కొట్టిపారేసింది: కలల వ్యాపారం. కారు, బంగళా, ఆరడుగుల హీరో. మేమూ డిగ్రీ చదివే రోజుల్లో ఈ మాటే గొంతెత్తి అన్న గుంపులో తిరిగినవాళ్లమే. కానీ 'సెక్రటరీ'ని మళ్లీ చదవండి. తండ్రి అండ లేక బామ్మతో బతికే పిల్ల. వనితా విహార్‌లో ఉద్యోగం. జీతం. ఆ జీతం కోసం పెద్దింటి ఆడవాళ్ల ఎత్తిపొడుపులు భరించడం. డబ్బున్న మగాడి ముందు తల వంచకపోవడం. పెళ్లితో కథ ముగుస్తుంది, నిజమే. కానీ మంచమ్మీద కూర్చుని వింటున్న మా ఆడవాళ్ల చెవులు పెళ్లి దగ్గర కాదు, ఉద్యోగం దగ్గర నిలబడ్డాయి. గడప దాటితే బుర్ఖా, దాటకపోతే బీడీల చాట అన్న బతుకులో, ఒక ఆడపిల్ల పొద్దున్నే తయారై ఆఫీసుకి పోయి, సాయంత్రం తన డబ్బుతో తిరిగొస్తుందన్న వార్తే పెద్ద వార్త. ఈ మాట మా విమర్శకులకి తట్టకపోవడానికి కారణం, వాళ్ల ఇళ్లల్లో ఆ వార్త పాతబడిపోవడమే.

అయితే మా తగాదా వేరే ఉంది. మేం చదివినంతలో ఆ నవలల్లో మా ఇల్లు లేదు. జయంతి నడిచే హైదరాబాదులో ఉర్దూ వినబడదు. ఇది నమ్మశక్యమైన సంగతేనా? ఆ ఊళ్లో రిక్షావాడి దగ్గర్నుంచి కోర్టు గుమాస్తా దాకా ఉర్దూ మాట్లాడే కాలం అది. రచయిత్రి ఆ ఊళ్లోనే కాపురముండి, ఆ వీధుల్లోనే తిరిగారు. వినబడే ఉంటుంది. కాగితం మీదికి రాలేదు.

దీనికి ఆమె ఒక్కర్తినే బోనులో నిలబెట్టడం మాకిష్టం లేదు. నవల ఆమె బల్లమీద మొదలయ్యేనాటికే మూడు ప్రశ్నలు దానికోసం కాచుకుని ఉండేవి. పత్రిక అడుగుతుంది: మా పాఠకురాలికి నచ్చుతుందా? ప్రచురణకర్త అడుగుతాడు: రెండో ఎడిషను వస్తుందా? నిర్మాత అడుగుతాడు: ఇందులో హీరో ఎవరు? మూడింటికీ ఒకటే ఊహ ఆధారం. పాఠకురాలు అంటే చందా కట్టగలిగిన, ఉత్తరం రాయగలిగిన, హిందూ మధ్యతరగతి ఇల్లాలు. మంచమ్మీద కూర్చుని ఉర్దూలో వింటున్న మా అమ్మీ ఈ ఊహలో లేదు. లేదు గనక ఆమె ఇల్లు కథలో అక్కర్లేదు. ఇందులో ఎవరి ద్వేషమూ లేదు. ద్వేషం ఉంటే పోట్లాడొచ్చు. లెక్కలో లేకపోవడంతో ఎలా పోట్లాడాలి?

ఈ పద్ధతి సులోచనారాణికీ అన్యాయమే చేసిందని మా అభిప్రాయం. 'సెక్రటరీ' రాసిన చేతిని మళ్లీ 'సెక్రటరీ'నే అడిగారు. ఆ కాలం పత్రికల పోటీ అలాంటిది. కోడూరి కౌసల్యాదేవి 'చక్రభ్రమణం' ఆంధ్రప్రభ పోటీలో నెగ్గి, 1964లో 'డాక్టర్ చక్రవర్తి' సినిమా అయి, ఆపైన 1971లో 'ప్రేమ్‌నగర్' వచ్చాక, ఆడపేరుంటే చాలు సీరియల్ నడుస్తుందనే నమ్మకం కుదిరి మగ రచయితలు ఆడపేర్లతో రాసేదాకా పోయింది. పురాణం సుబ్రహ్మణ్య శర్మగారంతటి సంపాదకుడే 'పురాణం సీత' పేరుతో ఇల్లాలి ముచ్చట్లు రాశారు. అంత గిరాకీలో ఒక రచయిత్రి 'ఈసారి వేరే ఇంటి కథ రాస్తాను' అంటే వినేదెవరు? అడిగి రాయించుకోవడం గౌరవమే. అడిగిందే పదేపదే అడగడం పంజరం. దానికి బంగారు పూత ఉంటే పంజరమని తెలియడానికి మరీ ఎక్కువ కాలం పడుతుంది. అరవై రెండేళ్లలో ఆమె ఇంకేం రాసి ఉండేవారో మనకి తెలిసే దారి మూసుకుపోయింది.

దారి లేదా అంటే, ముప్పాళ్ల రంగనాయకమ్మ చూపించింది. అదే కాలం, అవే పత్రికలు. ఆమె తన పుస్తకాలు తనే వేసుకుని, చౌక ధరకి అమ్మి, ముందుమాటల్లో సంపాదకుల్నీ విమర్శకుల్నీ సినిమావాళ్లనీ కడిగేసింది. ఆ స్వేచ్ఛకి మూల్యం కట్టింది. ఆమె రాతలతో మాకు పేచీలున్నాయి, అవి ఇంకోచోట.

ఇప్పుడు అదే హైదరాబాదులో ఇంకో ఇంటికి వెళదాం. జీలానీ బానో 1936లో బదాయూఁలో పుట్టి హైదరాబాదులో పెరిగిన ఉర్దూ నవలా రచయిత్రి. 'ఐవానె గజల్'లో నవాబుల హవేలీ లోపల ఆడవాళ్ల బతుకెలా చితికిందో రాసింది. 'బారిషె సంగ్'లో తెలంగాణ పల్లెలో వెట్టి, దొరతనం రాసింది. ఉర్దూ రచయిత్రి నవలలో తెలుగు రైతు ఉన్నాడు. ఆమె 'నర్సయ్యా కీ బావ్డీ' కథ శ్యామ్ బెనెగల్ 'వెల్‌డన్ అబ్బా' సినిమాకి ఒక ఆధారమయింది. బెనెగల్ దాకా పోయిన నర్సయ్య బావి, పక్కవీధిలోని తెలుగు వారపత్రికకి ఎంత దూరమయింది! ఒకే ఊళ్లో ఇద్దరు రచయిత్రులు. వయసులో నాలుగేళ్లు తేడా. ఇద్దరి చుట్టూ రెండు పత్రికా లోకాలు, రెండు ప్రచురణ లోకాలు, ఒకదాని మొహం ఒకటి చూడనివి. ఏజెంటనేవాడు ఉంటే ఇలాంటి చోటే అక్కరకొచ్చేవాడు. ఇటు సరుకు అటు, అటుది ఇటు చేర్చేవాడు. రెండు భాషలూ వచ్చిన మాలాంటి విలేకరులం ఆ పని చేయాల్సింది. మాకు మాత్రం ఉర్దూ ప్రెస్‌నోటుని తెలుగు వార్త చేసే ఉద్యోగమే దొరికింది.

ఈ గోడ ఎప్పుడూ ఉందనుకోకండి. బందరు జాతీయ కళాశాలలో పనిచేసిన అడివి బాపిరాజుగారి సంగతి చూడండి. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం బహుమతిని విశ్వనాథ 'వేయిపడగలు'తో పాటు పంచుకున్న 'నారాయణరావు' ఆయనదే. ఆ రచయిత 1944లో హైదరాబాదు వెళ్లి 'మీజాన్' దినపత్రిక తెలుగు సంపాదకుడయ్యాడు. పత్రిక యజమాని గులాం మహమ్మద్ కలకత్తావాలా. ఒకే పేరుతో ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు పత్రికలు. మీజాన్ అంటే త్రాసు. నిజాం రాజ్యంలో, ఉర్దూ రాజభాషగా ఉన్నచోట, ఒక ముస్లిం వ్యాపారి డబ్బుతో తెలుగు దినపత్రిక, దానికి కోస్తా నుంచొచ్చిన నవలాకారుడు సంపాదకుడు! రాజకీయాలు ఎటు లాగుతున్నా మూడు భాషలు ఒక ముద్ర కింద నడిచాయి. బాపిరాజుని తలుచుకునే వ్యాసాల్లో ఆయన చిత్రలేఖనం ఉంటుంది, శశికళ ఉంటుంది, గోన గన్నారెడ్డి ఉంటాడు. మీజాన్ ఒక్క వాక్యం. యజమాని పేరుకి ఆ వాక్యంలోనూ చోటుండదు. నాలుగేళ్ల కొలువు ఇచ్చిన మనిషిని రచయిత చరిత్రలోంచి తీసేయడం తేలిక. నిజాం అనే ఒక్క పదం కింద అందర్నీ తోసేస్తే సరిపోతుంది.

మా తరానికి వద్దాం. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. 1998లో 'జల్‌జలా' కవిత్వ సంకలనం, 2004లో 'వతన్' కథల సంకలనం. ఇవి పెద్ద ప్రచురణ సంస్థలు పిలిచి వేసినవి కావు. స్కైబాబా లాంటివాళ్లు తామే సంపాదకులై, తామే అచ్చువేసి, తామే కట్టలు మోశారు. ఏజెంటూ ఆయనే, సంపాదకుడూ ఆయనే, బస్సులో పుస్తకాల కట్ట మోసేవాడూ ఆయనే. ఇంకోవైపు మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' ఆంధ్రజ్యోతి వారపత్రికలో వచ్చాయి. అప్పుడక్కడ సంపాదకుడు నామిని సుబ్రహ్మణ్యంనాయుడు. కావలి సాయిబుల ఇంటి కూరా, తిట్టూ, నవ్వూ తెలుగు పాఠకుడి వంటింట్లోకి పోయాయి. ఒక్క సంపాదకుడు తలుపు తీస్తే ఏమవుతుందో అక్కడ తేలింది. పాఠకురాలు వద్దనలేదు. ఆమె వద్దంటుందని ముప్పయ్యేళ్లు ఊహించినవాళ్లే తప్పు.

కానీ ఆ తలుపు తెరుచుకున్నాక ఏమయింది? మాక్కూడా ఒక పంజరం తయారయింది. రంజాన్ నెల వస్తుందంటే పత్రికలకి మేం గుర్తొస్తాం. ముస్లిం కథ ఒకటి పంపండి. తలాక్ ఉంటే మంచిది. బుర్ఖా ఉంటే బొమ్మ వేయడానికి వీలుగా ఉంటుంది. అల్లర్లుంటే ఇంకా మంచిది, కానీ ఎవరు చేశారో రాయకుండా ఉంటే బాగుంటుంది. ఈ మాటలు మేం పోగేసి చెబుతున్నవి కావు, ఒక్కొక్కటీ ఒక్కో ఫోనులో విన్నవి. సులోచనారాణిని బంగళాలో కూర్చోబెట్టినట్టే మమ్మల్ని గల్లీలో కూర్చోబెట్టారు. సలీం 'కాలుతున్న పూలతోట'కి 2010లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డొచ్చింది. అది హెచ్.ఐ.వి. మీద రాసిన నవల. ముస్లిం రచయిత ముస్లిం బతుకు మీదే రాయాలన్న షరతుని ఆయన ఆ ఒక్క నవలతో పక్కనబెట్టాడు. మా మిత్రుల్లో కొందరికి ఇది పలాయనంగా కనబడింది. మాకలా కనబడలేదు. ఏం రాయాలో తను నిర్ణయించుకున్న రచయిత కనిపించాడు.

అలాగని ఎవరి గురించైనా రాద్దాం, పేర్లు మార్చి అచ్చు వేయించుకుందాం అనేవాళ్లతోనూ మేం లేం. అది మళ్లీ పాత లెక్కలోకి పోవడమే. మాకు కావలసింది జయంతి లాంటి పిల్లే. ఆమె ఇనుగుదురుపేటలో ఉండాలి. ఆమె దాదీ ఉర్దూలో తిట్టాలి. ఆమె ప్రేమించినవాడు మంచివాడో చెడ్డవాడో అతని మతాన్నిబట్టి పాఠకుడికి ముందే తెలిసిపోకూడదు. అలాంటి నవలకి సంపాదకుడు ఏ ప్రశ్నలు వేస్తాడో మాకు తెలుసు. ఇది మీ సమాజానికి ప్రతినిధిగా ఉందా అంటాడు. 'సెక్రటరీ' ఎవరికి ప్రతినిధి అని 1960ల్లో ఎవరైనా అడిగారా?

సులోచనారాణి నవలల కాపీరైటు చట్టప్రకారం 2078 చివరిదాకా ఉంటుంది. రచయిత పోయాక అరవై ఏళ్లు. అంటే మా పిల్లల పిల్లలు కూడా ఆమె వారసుల అనుమతి అడగాల్సిందే. మా ఖాలాలు మంచమ్మీద కూర్చుని చేసిన ఉర్దూ 'సెక్రటరీ'కి ఏ అనుమతీ లేదు, ఏ రాతప్రతీ లేదు. అది చెప్పిన ఆడవాళ్లలో చాలామంది వెళ్లిపోయారు. ఉన్నవాళ్లని కూర్చోబెట్టి టేపులో పట్టే పని మాలో ఒకరిద్దరు మొదలుపెట్టారు. ఒకామె జయంతి కథని తన సొంత ముగింపుతో చెప్పింది. ఆ ముగింపులో జయంతి ఉద్యోగం మానలేదు.

నిరుడు రంజాన్ సంచికకి కథ కావాలని మూడు పత్రికల నుంచి ఫోన్లొచ్చాయి. దీపావళి సంచికకి ఇస్తామని చెప్పాం. ఇద్దరు ఆలోచించి చెబుతామని పెట్టేశారు. మూడో ఆయన, దీపావళికి ముస్లిం కథ ఎందుకండీ అని అడిగి, కాసేపాగి, సరే పంపండి అన్నాడు. పంపాం. కథలో తలాక్ లేదు. ఒక ఉద్యోగం, ఒక సెకండ్‌హ్యాండ్ స్కూటీ, పెద్ద ఇల్లున్న ఒక అబ్బాయి ఉన్నారు. ఆయన ఒకే ఒక్క మార్పు అడిగాడు: నిడివి అరపేజీ తగ్గించమని. తగ్గించాం.